‘యెస్’ అన్నచో అవునేనా?

ఆంగ్లభాషలో మఱి యొక్క ముక్కయైనను రానివారికిని వచ్చిన మాటలు రెండు కలవు: ‘యెస్’, ‘నో’. పలక పట్టిన పిల్లవాడు మొదలు రైలుబండిలో వేరుసెనగలు అమ్ముకొనువాని వఱకు వీనిని ఎఱుగనివారు లేరు. మొదటిదానికి అవుననియు, రెండవదానికి కాదనియు అర్థము చెప్పి, ఆ పాఠము అంతటితో ముగిసినదని మనము తలంచుచుందుము. కాని పెద్ద చదువులు చదివి, ఆంగ్లమున గంటసేపు అనర్గళముగా ఉపన్యసింపగలవారు కూడ ఈ రెండు మాటల కడనే తడబడుట కలదు. ఆ తడబాటు ఎచ్చట పుట్టుచున్నదో, దానివలన ఎట్టి ముప్పు కలుగగలదో ఇచ్చట కొంత విచారింతము.

శస్త్రచికిత్సకు ముందు రోగి కొన్ని గంటలసేపు ఏమియు తినకుండ ఉండవలెనని అందఱు ఎఱిగినదే. మత్తుమందు ఇచ్చిన పిమ్మట గొంతునకు సహజముగా నుండు కాపుదల సడలిపోవును. అప్పుడు కడుపులో ఆహారమున్నచో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి జాఱవచ్చును, అది ప్రాణాపాయకరము. కావుననే నర్సు ముందుగా వచ్చి రోగిని ప్రశ్నించును. మన తెలుగువాడొకడు పరదేశమున ఆస్పత్రిలో ఉన్నాడనుకొందము. ‘యు హావ్‌న్ట్ ఈటెన్ ఎనీథింగ్ దిస్ మార్నింగ్?’ అని నర్సు అడిగెను. ‘ఈ ఉదయం ఏమీ తినలేదు కదా?’ అని దాని భావము. అతడు నిజముగనే ఏమియు తినలేదు. ‘అవును, తినలేదు’ అని మనస్సులో అనుకొని పైకి ‘యెస్’ అని ఊరకుండెను. ఆంగ్లము మాతృభాషగా గల ఆమె చెవికి అది ‘తిన్నాను’ అన్నట్లు వినబడవచ్చును. దానివలన చికిత్స ఒక పూట వాయిదా పడును, నష్టము స్వల్పమే. ఇక దీనికి తలక్రిందుగా జరుగుట యూహింపుడు. తెల్లవారుజామున ఆకలికి తాళలేక రెండు ఇడ్డెనలు తిన్నవాడు, ‘తినలేదు కదా’ అను మాటను ఖండింపదలచి, ‘కాదు, తిన్నాను’ అను భావముతో ‘నో’ అని ఒక్క మాట చెప్పెను. ‘తినలేదు’ అని ఆమె కాగితముపై వ్రాసికొనెను. ఈ రెండవ పొరపాటు ఎంతటిదో చెప్పనక్కఱలేదు. అబద్ధమాడినవాడెవడును లేడు. ఇద్దఱును తమ తమ భాషల న్యాయము ననుసరించి నిజమే చెప్పుకొనిరి.

ప్రశ్న వ్యతిరేకార్థము లేక సూటిగా నున్నచో ఏ చిక్కును లేదు. ‘నిన్న వచ్చితివా?’ అనునపుడు వచ్చినవాడు ‘యెస్’ అనును, రానివాడు ‘నో’ అనును. రెండు భాషలకును ఒకటే దారి. ప్రశ్నలోనే ‘లేదు’ చేరినప్పుడు దారులు చీలును. ‘నిన్న రాలేదా?’ అన్నచో, రాని తెలుగువాడు ‘అవును, రాలేదు’ అనును. రాని ఆంగ్లేయుడు ‘నో, ఐ డిడ్‌న్ట్’ అనును. కారణమేమనగా, మన ‘అవును’ అడిగినవాని మాటవైపు తిరిగి చూచును. ‘నీవన్నది సరియే’ అని వానితో ఏకీభవించును. ఆంగ్లపు ‘యెస్’ అడిగినవానిని లెక్కచేయదు. తన వెనుక రానున్న తన వాక్యమువైపు చూచును. ఆ వాక్యము ‘ఐ కేమ్’ అయినచో ‘యెస్’, ‘ఐ డిడ్‌న్ట్ కమ్’ అయినచో ‘నో’. అడిగినవాడు ఏ విధముగ అడిగినను జవాబు మాఱదు. ఆంగ్లమును వ్రాతలో నేర్చుకొన్నవారికి ఒక సులభమైన గుర్తు చెప్పవచ్చును: ‘యెస్’ వెంట ‘నాట్’ రాదు, ‘నో’ వెంట ‘నాట్’ వచ్చును. ‘యెస్, ఐ డిడ్ నాట్’ అను వాక్యము మనవారి నోట తఱచుగ వినబడును గాని, ఆంగ్లేయుని చెవికి అది ఒక కాలు ముందునకును, ఒక కాలు వెనుకకును వేసినట్లుండును.

ఇందులో ఒక భాష తెలివైనదనియు, మఱియొకటి మందమనియు లేదు. జపానువారి జవాబులు మన జవాబులవలెనే అడిగినవాని మాటవైపు చూచును. ఫ్రెంచివారు, జర్మనులు ఈ చిక్కును ముందుగనే గ్రహించినట్లు, వ్యతిరేక ప్రశ్నను ఖండించుటకు ప్రత్యేకముగ ఒక్కొక్క మాటను ఉంచుకొనిరి: ఫ్రెంచిలో ‘సీ’, జర్మనులో ‘దొఖ్’. ‘నీవు రాలేదా?’ అన్నప్పుడు వచ్చినవాడు ఆ ఒక్క మాట చెప్పినచో చాలును. మనకు అట్టి మాట లేదా? మాట లేదు గాని నుడికారము కలదు. ‘నువ్వు రాలేదేం?’ అని నిలదీసినవానితో మనము ‘ఎందుకు రాలేదూ, వచ్చాను!’ అందుము. ఆ ‘ఎందుకు’ కారణమును అడుగుట లేదు. ఎదుటివాని మాటను కొట్టివేయుచున్నది. మన యిండ్లలో నిత్యము వినబడు ఈ పలుకుబడి ఏ వ్యాకరణ పాఠమునకును లొంగక ఎంత చక్కగా పని నెఱవేర్చుచున్నదో గమనింపదగును.

‘అవును’ ఏల వెనుకకు చూచుచున్నది? అది క్రియ కనుక. ‘అగు’ ధాతువునుండి పుట్టిన ‘అగును’ అను రూపమే ‘అవును’. ‘నీవన్నది అగును’ అని దాని లోపలి యర్థము. ‘కాదు’ అనునది ఆ ధాతువునకే వ్యతిరేకరూపము. ‘లేదు’ అనునది ‘కలదు’ అనుదానికి ఎదురు. ‘వద్దు’ అనునది ‘వలెను’ అనుదానికి ఎదురు. ఇవన్నియు క్రియలే. అందుచేతనే ఆంగ్లమున ఒక్క ‘నో’ చేయు పనికి మనము నాలుగైదు మాటలు వాడవలసివచ్చుచున్నది. ‘ఇది పుస్తకమా?’ అన్నచో ‘కాదు’. ‘పుస్తకముందా?’ అన్నచో ‘లేదు’. ‘పుస్తకం కావాలా?’ అన్నచో ‘వద్దు’. ‘పుస్తకమిస్తావా?’ అన్నచో ‘ఇవ్వను’. వీనిలో ఒకదానిచోట ఒకటి వేసినచో పిల్లలు కూడ నవ్వుదురు. తెలుగు నేర్చుకొనవచ్చిన విదేశీయుడు ‘కాఫీ కావాలా?’ అన్నప్పుడు ‘కాదు’ అని చెప్పి, మనము నవ్వుట చూచి తెల్లబోవుట ఇందువలననే. ఇట్లే ‘యెస్’ అను ఒక్క మాటకు మాఱుగ మనకు ‘అవును, ఉంది, కావాలి, ఇస్తాను’ అని వేర్వేఱు జవాబులు కలవు. నిజమునకు తెలుగువాడు అవుననుటకంటె అడిగినవాని క్రియను మరల పలుకుటయే ఎక్కువ. ‘భోంచేశారా?’ ‘చేశానండీ.’ ప్రాచీన లాటిను భాషయందును ‘యెస్’ అనుటకు సమమైన ఒక్క మాట లేదు. వారును తఱచు క్రియనే మరల చెప్పుచుండిరి. ఐర్లండు దేశపు స్వభాషలో నేటికిని అదే పద్ధతి.

మన పద్ధతి మాత్రము సర్వసుగమమని చెప్పజాలము. ‘నిన్న రాలేదా?’ అను ప్రశ్నకు ‘లేదండీ’ అని మాత్రము చెప్పినవాడు వచ్చెనో రాలేదో? ‘లేదండీ, రాలేదు’ అనియు చెప్పవచ్చును, ‘లేదండీ, వచ్చాను’ అనియు చెప్పవచ్చును. ఒకదానిలో ‘లేదు’ క్రియకు ప్రతిధ్వని. మఱియొకదానిలో అడిగినవాని ఊహకు ఖండనము. కావుననే జాగ్రత్తగా మాటాడువారు తుదను క్రియను చేర్చకుండ విడువరు.

ఆంగ్లమున కూడ ఒకప్పుడు రెండు మాటలు గాక నాలుగు ఉండెడివి. సూటియైన ప్రశ్నకు ‘యే’, ‘నే’ అనునవి. వ్యతిరేకముగ అడిగిన ప్రశ్నకు ‘యెస్’, ‘నో’ అనునవి. ‘వచ్చితివా?’ అన్నచో వచ్చినవాడు ‘యే’ అనును, ‘రాలేదా?’ అన్నచో వచ్చినవాడు ‘యెస్’ అనును. అనగా నేటి ఫ్రెంచి ‘సీ’ చేయుచున్న పనిని నాడు ‘యెస్’ చేసెడిది. ఈ భేదము క్రమముగ మాసిపోవుచున్న కాలమున దానిని గూర్చి ఒక ప్రసిద్ధమైన తగవు జరిగినది. విలియం టిండేల్ అను పండితుడు బైబిలులోని క్రొత్త నిబంధనను గ్రీకునుండి ఆంగ్లీకరించి 1526లో అచ్చు వేయించెను. యోహాను సువార్త మొదటి అధ్యాయమున ‘నీవు ఆ ప్రవక్తవా?’ అని బాప్తిస్మమిచ్చు యోహానును అడుగగా, కాదని అతడు చెప్పిన చోట టిండేల్ ‘నో’ అని వ్రాసెను. ఇంగ్లండు రాజ్యమున ఛాన్సలరు పదవి నలంకరించిన సర్ థామస్ మోర్ 1532లో వెలువరించిన ఖండన గ్రంథమున దీనిని తప్పుపట్టెను: ప్రశ్న సూటిగ నున్నది కనుక ‘నే’ అనవలసినదని. ఆంగ్లమే సరిగ రానివాడు వేదగ్రంథమును ఎట్లు అనువదించునని ఆయన ఎత్తిపొడుపు. విచిత్రమేమనగా, ఆ నియమమును వివరించు వాక్యములో మోర్ తానే ‘నే’, ‘నో’ల స్థానములను తాఱుమాఱు చేసెను. తరువాతి కాలపు భాషావేత్తలు దానిని పట్టుకొనిరి. వారి మధ్యగల మతవివాదము ఇట్టి మాటలకు మించినది. ఇరువురికిని అంతము దారుణమైనది. 1535లో మోర్ శిరచ్ఛేదము పొందెను; 1536లో టిండేలును ఉరిబిగించి చంపి దేహమును కాల్చిరి. నాలుగు మాటల నియమము కూడ వారితోపాటే కాలగర్భమున కలసినది. ‘యే’, ‘నే’లు నేడు పాతపుస్తకములలోను, కొన్ని ప్రాంతముల పలుకుబడిలోను మాత్రమే మిగిలినవి.

ఈ మాటల పుట్టుక కూడ ఆసక్తికరమే. ‘నో’ అనునది ‘కాదు’, ‘ఎన్నడును’ అను అర్థములు గల రెండు చిన్న మాటల కలయిక. ‘ఎన్నడును కాదు’ అని దాని మొదటి భావము. ‘యెస్’ అనునది ‘యే’ అను మాటకు ‘అగుగాక’ అను అర్థముగల క్రియ చేరుటవలన ఏర్పడియుండునని పలువుర అభిప్రాయము. అట్లయినచో మన ‘అవును’లోని ‘అగు’ వంటిదే ‘యెస్’ కడుపులోను దాగియున్నదన్నమాట. చుట్టఱికము లేని రెండు భాషలు ఒకే దారిన నడచుట ఇట్లు అప్పుడప్పుడు కనబడుచుండును.

ఇక న్యాయస్థానమునకు పోవుదము. క్రాసు పరీక్షలో ప్రతిపక్షపు వకీలు జవాబును ప్రశ్నలోనే ఇమిడ్చి అడుగవచ్చును. 1872 నాటి సాక్ష్య శాసనము ఇందుకు అనుమతించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన క్రొత్త శాసనమును అనుమతించుచున్నది. ‘ఆ రాత్రి నువ్వు ముద్దాయిని చూడలేదు, అవునా?’ అని వకీలు అడుగును. సాక్షి ‘అవునండీ’ అనును. చూడలేదనుట అవునా, చూచుట అవునా? ఆ జవాబును ఆంగ్లములోనికి మార్చి టైపు చేయువాడు ‘యెస్’ అని మాత్రము కొట్టినచో, పైకోర్టులో తెలుగు రాని న్యాయమూర్తి దానిని చదువునపుడు ఒక మనిషి స్వేచ్ఛ ఆ మూడక్షరములపై ఊగులాడును. మన న్యాయస్థానముల సంప్రదాయము ఈ ప్రమాదమును చాలవఱకు తప్పించినది. సాక్షి వాఙ్మూలమును ప్రశ్నోత్తరములుగా గాక కథనముగా వ్రాయుట అచ్చట సాధారణ పద్ధతి. అవసరమని తోచినచో ప్రశ్నను, జవాబును ఉన్నదున్నట్లు వ్రాయించు అధికారము న్యాయాధిపతికి కలదు. వాఙ్మూలములను చదివినవారికి ‘నేను అచ్చటికి పోలేదనుట నిజము కాదు’ అను వంటి వాక్యములు చిరపరిచితములు. మొదట చదివినప్పుడు దానిని విప్పుకొనుటకు కొంత వేళ పట్టును: పోలేదనుట నిజము కాదు, అనగా పోయితిననుచున్నాడు. ఈ వాక్యము వినుటకు కర్కశముగ నుండుననియు, కక్షిదారులను కంగారుపెట్టుననియు విమర్శించువారు కలరు. మేమైతే దానిని మెచ్చుకొందుము. ఒట్టి ‘యెస్’కు ఉన్న రెండు నాలుకలు దానికి లేవు.

ఇందుకు భిన్నముగ, ఏ జవాబిచ్చినను చిక్కుకొనునట్టి ప్రశ్నయు నొకటి కలదు. ‘భార్యను కొట్టుట మానితివా? అవునో కాదో చెప్పుము’ అనునది తర్కశాస్త్రపు పుస్తకములలో ప్రసిద్ధమైన ఉదాహరణము. ‘యెస్’ అన్నచో ఇంతకుముందు కొట్టినట్లు. ‘నో’ అన్నచో ఇప్పటికిని కొట్టుచున్నట్లు. ఇచ్చట దోషము జవాబులో లేదు, ప్రశ్నలో దాగిన ఆరోపణలో నున్నది. ఎన్నడును కొట్టనివాడు ‘యెస్’, ‘నో’ రెంటిని విడిచి ఆ ఆరోపణమునే త్రోసిపుచ్చవలెను.

ఇంతకంటె తేలికయైన సందర్భమున కూడ మనవారు పొరపడుచుందురు. రైలులో ఎదుటికూర్చున్న ఆంగ్లేయుడు ‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ది విండో?’ అని మర్యాదగ అడుగును. కిటికీ తెఱచుటకు మీకు అభ్యంతరమా అని దాని భావము. మనవాడు ఉదారముగ నవ్వి, ‘యెస్, యెస్!’ అనును. ‘తప్పకుండా తెరవండి’ అని ఇతని యుద్దేశము. కాని అక్షరాల చూచినచో ‘అభ్యంతరమే, అభ్యంతరమే!’ అని రెండుమార్లు చెప్పినట్లయినది. ఇచ్చట అనుమతి ఇచ్చుటకు ‘నో’ అనవలెను. ‘నో, నాట్ ఎట్ ఆల్’ అని. లేనిచో ‘ప్లీజ్ డూ’ అన్నచో గొడవయే లేదు.

వ్యాకరణదృష్టితో చూచినచో ఈ రెండు మాటలు సమానులు కావు. ‘యెస్’ పేదది. అది జవాబుగ నిలుచును, అప్పుడప్పుడు నామవాచకమగును, ‘యెస్-మన్’ అను సమాసములో, తానా అన్నచో తందానా అనువానికి పేరగును. అంతకుమించి దానికి పని లేదు. ‘నో’ అట్లు కాదు. అది జవాబు, అది విశేషణము, తారతమ్యమును చెప్పు మాటలకు ముందు నిలుచు క్రియావిశేషణమును అది. ‘నో బాయ్ కేమ్’ అన్నప్పుడు అది నామమునకు ముందు చేరి ‘ఏ బాలుడును రాలేదు’ అను అర్థమిచ్చును. ఇచ్చటనే మనవారికి మఱియొక గండము. తెలుగున నిషేధమంతయు క్రియలో నుండును, అదియు వాక్యము తుదిని. ‘ఎవరూ రాలేదు’ అను వాక్యములో ‘ఎవరూ’ అనునది నిషేధము కాదు. ‘లేదు’ అనునదే నిషేధము. దీనిని మాటకు మాటగ మార్చి విద్యార్థి ‘ఎనీబడీ డిడ్ నాట్ కమ్’ అని వ్రాయును. ఆంగ్లమున ‘నాట్’ అనునది ముందు వచ్చినగాని దాని నీడలో ‘ఎనీ’ నిలువజాలదు. కావున నిషేధమును వాక్యము మొదటికి తెచ్చి, ‘నోబడీ కేమ్’ అనవలెను. కొందఱు రెండు విధములను కలిపి ‘నోబడీ డిడ్ నాట్ కమ్’ అందురు. అప్పుడు రానివాడెవడును లేడని, అనగా అందఱును వచ్చిరని అర్థమై కూర్చుండును.

నిషేధము తుదిని ఉండుటవలన మనకు కలుగు ఒక యిబ్బందిని రేడియో ఉన్న యింటివారు ఎఱుగుదురు. ‘మంత్రిగారు రాజీనామా చేయ...’ అనునంతలో గరగరమని చప్పుడు వచ్చినచో, చేయలేదో, చేయరో, చేయనున్నారో తెలియక ఇంటిల్లిపాది ఒకరి ముఖమొకరు చూచుకొందురు. ఆంగ్లవార్తలో ‘నో’ అనునది ముందే వచ్చి కూర్చుండును కనుక తుదిమాట జాఱిపోయినను భావము మిగులును.

రెండు నిషేధములు కలిసినచో విధి యగునను న్యాయము ఆంగ్లమున పుట్టుకతో వచ్చినది కాదు. ఛాసర్ నాటి కవులు ఒకే వాక్యమున రెండు మూడు నిషేధములను పేర్చి నిషేధమునకే బలము కూర్చెడివారు. పదునెనిమిదవ శతాబ్దమున రాబర్ట్ లౌత్ మున్నగు వ్యాకర్తలు అది తర్కమునకు విరుద్ధమని తీర్మానించినప్పటినుండి పండితుల వ్రాతలో అట్టి ప్రయోగము అపశబ్దమైనది. పామరుల నోట మాత్రము నేటికిని నిలిచియున్నది. మనకో, రెండు నిషేధములతో విధిని చెప్పుట ఒక సొగసు. ‘చేయక తప్పదు’ అన్నచో చేసితీరవలెనని. ‘లోపములు లేకపోలేదు’ అన్నచో కొద్దిగ కలవని. ఈ ‘లేకపోలేదు’లోని మొగమాటము ‘కలవు’ అనుటలో ఎక్కడిది!

‘నో’, ‘నాట్’ అను రెంటి భేదమును మన బడులలో తగినంతగ చెప్పరని మా యభిప్రాయము. ‘హి ఈజ్ నాట్ ఎ టీచర్’ అన్నచో అతని వృత్తి ఉపాధ్యాయుడు కాదని మాత్రమే. మఱియేదో ఉద్యోగము చేయుచుండవచ్చును. ‘హి ఈజ్ నో టీచర్’ అన్నచో, ఉద్యోగము అదియే కావచ్చును గాని, అతనికి పాఠము చెప్పుట చేతకాదని నింద. ఒకని గూర్చి యోగ్యతాపత్రము వ్రాయువాడు ఈ భేదము నెఱుగనిచో వాని బ్రతుకు పాడగును. ఇట్లే ‘నాట్ మోర్ దాన్ టెన్ రుపీస్’ అన్నచో పది రూపాయలకు మించకుండ, అంతకు తక్కువయైనను కావచ్చునని హద్దు చెప్పుట. ‘నో మోర్ దాన్ టెన్ రుపీస్’ అన్నచో సామాన్యముగ ‘పది రూపాయలే, అంతే!’ అని ఆ మొత్తము యొక్క అల్పత్వమును చెప్పుట. కౌలు పత్రములలోను, ఉద్యోగపు ఒడంబడికలలోను ‘నాట్ లెస్ దాన్ థర్టీ డేస్’ అని వ్రాయుదురు. ముప్పది దినములకు తగ్గకుండ ముందుగ తెలుపవలెనని. దానిని ‘ముప్పది దినములలోపల’ అని అర్థము చేసికొని ఇరువదియవ నాడు నోటీసు ఇచ్చినవాడు నష్టపడును.

అర్థము, వ్యాకరణము అట్లుండగా, వాడుకలోని మర్యాద మఱియొకటి. తెలుగువాడు కథ వినునప్పుడు ‘ఊఁ’ కొట్టును. ఆ ‘ఊఁ’ అంగీకారము కాదు. ‘వినుచున్నాను, చెప్పుము’ అని. ఈ యలవాటుతోనే మనము టెలిఫోనులో పరభాషీయులతో మాటాడునపుడు నడుమ నడుమ ‘యెస్, యెస్’ అనుచుందుము. అవతలివాడు తన షరతులన్నింటికి మనము ఒప్పుకొంటిమని వ్రాసికొనును. తుదకు మనము ‘అయితే మాకు కుదరదండీ’ అన్నప్పుడు, మాట తప్పినవారమని మనయందు గౌరవము పోవును. ‘ఐ సీ’ అన్నచో ఈ పేచీ లేదు.

‘నో’ అనుటలోని మొగమాటము మాత్రము రెండు జాతులకును సమానము. ఆంగ్లేయుడు ‘నో, థాంక్యూ’ అనును. లేక ‘ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్’ అని లేని భయమును నటించును. మన యిల్లాండ్రు ఇంకను ముందునకు పోయిరి. ఇంట బియ్యము అయిపోయినచో ‘బియ్యం లేవు’ అనరు. ‘బియ్యం నిండుకున్నాయి’ అందురు. లేమిని నిండుదనముగ పలికిన ఈ మాటను ఆంగ్లమునకు మార్చు అనువాదకుడు ఏమి చేయగలడు? మాటకు మాట వ్రాసినచో గాదె నిండుగ నున్నదని చదువరి సంతోషించును.

‘యెస్’కు వినుటకు కొంత ఆకర్షణ యెక్కువ యను సంశయముతో ఒక దేశము తన ప్రశ్ననే మార్చుకొన్నది. ఐరోపా సమాఖ్యలో ఉండుటను గూర్చి 2016లో బ్రిటనులో ప్రజాభిప్రాయము సేకరించుటకు ముందు, ‘యెస్’, ‘నో’ అను జవాబులతో ఒక ప్రశ్నను సిద్ధపఱచిరి. ఉండుటవైపు మొగ్గునట్లు కనబడుచున్నదని అచ్చటి ఎన్నికల సంఘము 2015లో అభ్యంతరము చెప్పగా, ఆ రెండు మాటలను తీసివేసి, ‘ఉండవలెను’, ‘విడువవలెను’ అను అర్థమిచ్చు రెండు క్రియలను వోటు పత్రముపై ముద్రించిరి. జవాబుగ క్రియనే చెప్పు మన తెలుగు పద్ధతికి వారు ఒకసారి వచ్చిరన్నమాట.

విమానములను నడపువారు, నేలపైనుండి వారికి దారి చూపువారు రేడియోలో మాటాడుకొనునప్పుడు ‘యెస్’, ‘నో’ అను మాటలను వాడరాదని అంతర్జాతీయ నియమము. అవి మఱీ చిన్న మాటలు; చప్పుడులో మునిగిపోవును. వానికి బదులుగ ‘అఫర్మ్’, ‘నెగటివ్’ అనునవి ఏర్పఱచిరి. సాధారణ భాషలో ‘అఫర్మేటివ్’ అని పూర్తిగ అందురు. ఆకాశమున మాత్రము దాని తోకను కోసివేసిరి. పూర్తి మాటలలో రెంటి తుదియు ఒకే విధముగ ‘టివ్’ అని వినబడును గదా. మొదటి యక్షరములు గరగరలో కలిసిపోయి తుది మాత్రము చెవిని బడినచో, దిగుమన్నారో వద్దన్నారో విమానమువానికి తెలియకపోవచ్చును.